ఎడమ పేజీ పాచి, కుడి పేజీ ఉడుత

మామ పోయి ఇంకా నెల తిరగలేదు. ఆయన కూతురు సుశీల బళ్ళారిలో బస్సెక్కి యశ్వంతనగర్‌కు నన్ను చూడ్డానికి వచ్చింది. గని ఆఫీసులో పనిచేసిన మా ఆయన కాలం చేశాక కూడా నేనీ ఎర్రదుమ్ము ఊరు వదలకుండా కూర్చున్నానని మా చుట్టాలకు నా మీద ఒక కోపం. అందుకని నా గడప తొక్కడమంటే కాశీకి పోయొచ్చినంత గొప్పగా చెప్పుకుంటారు. సుశీల కూడా ముందు దుమ్మును తిట్టి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, ఆ తర్వాతే సంచిలోంచి పాత చీరముక్కలో చుట్టిన నోటుబుక్కు ఒకటి తీసింది. మామ పెట్టె అడుగున దొరికిందట. అట్ట మీద నా పేరు, పన్నెండేళ్ళప్పటి నా గుండ్రటి అక్షరాలు. మామ దగ్గర బొమ్మలు నేర్చుకున్న వాళ్ళంతా కలిసి ఆయన జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారనీ, అందరికంటే ముందు శిష్యురాలిని నేనే కాబట్టి మొదటి వ్యాసం నేనే రాయాలనీ, నాలుగు మంచి మాటలు చాలనీ చెప్పింది.

నోటుబుక్కు తెరిచాను. ఎడమ పేజీలో పాచి, కుడి పేజీలో ఉడుత. మళ్ళీ ఎడమ పేజీలో పాచి, కుడి పేజీలో ఉడుత. అట్లా పదిహేడు ఆకులు వరసగా నడిచింది. పద్దెనిమిదో ఆకు నుంచి ఎడమవైపు పాచి మాత్రమే ఉంది, కుడివైపు తెల్లకాగితం. చివరిదాకా అంతే. సుశీల అది చూసి, "ఏం వదినా, నడమ ఉడత మీద బేజారయితివా?" అని నవ్వింది. అవును, పిల్లతనం గదా అన్నాను. ఆమె కాఫీ తాగేలోపు నాలుగు మంచి మాటలూ రాసి ఆమె చేతికే ఇచ్చాను. వాటిలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. మామ చూడ్డం నేర్పాడు, గీయడం నేర్పాడు, చదివించాడు, అన్నం పెట్టాడు. మిగతాది మాత్రం అక్కడ రాయలేదు. చచ్చినవాళ్ళ పుస్తకంలో చెడ్డమాట రాస్తే ఊరుకుంటారా? అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది రూపనగుడి. నల్లరేగడి నేల, పత్తి, జొన్న, శెనక్కాయ. వాన పడితే పంట, పడకపోతే ఆకాశాన్ని తిట్టుకోవడం. అట్లాంటి చోట నడి ఎండాకాలం తప్ప ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది మా ఇంట్లో జానెడు గోడ ఒక్కటే. పెరట్లో బావి పక్కన స్నానాలు చేసే బండ ఉండేది, దాన్ని జాలాడి అనేవాళ్ళం. దాని వెనక గోడకు ఎండ పడేది కాదు. ఇంటిల్లిపాదీ పోసుకున్న నీళ్ళన్నీ దాని మీదే చిందేవి. అందరికంటే ముందు మా నాయనమ్మ. ఆమెను జేజి అనేవాళ్ళం. తెల్లవారకముందే లేచి, పత్తికట్టె మంట మీద బాన నిండా నీళ్ళు కాచుకుని, వచ్చీరాని నామాలన్నీ గొణుక్కుంటూ తలమీద గుమ్మరించుకునేది. ఆ పొగ వాసన, శీకాయ వాసన, వేడినీళ్ళు పడ్డ సున్నపు గోడ వాసన, వాటి కింద చల్లగా మట్టిమట్టిగా పాచి వాసన, ఇవన్నీ కలిసిన వాసనతోనే నాకు మెలకువ వచ్చేది. ఆ తర్వాత నాయన, ఆయన తర్వాత మేము, చివరికి అమ్మ. అమ్మ స్నానం అయ్యాక బండను బూడిద వేసి పీచుతో రుద్దేది, కాలు జారి ఎవరైనా పడతారని. గోడ జోలికి మాత్రం పోనిచ్చేది కాదు జేజి. అది ఉంటే గోడకు చలవ, దాని బతుకు దాన్ని బతకనీ అనేది.

పొద్దెక్కాక జేజి చాట ముందేసుకుని శెనక్కాయలు వలవడానికి కూర్చునేది. మా ఇంట్లో ఊరుబిండి లేని రోజు ఉండదు, రోట్లో శెనక్కాయల పచ్చడి నూరకపోతే రొట్టె గొంతు దిగదు మాకు. వలిచిన మొదటి గుప్పెడు ప్రహరీ గోడ మీద పోసి అప్పుడు గానీ రెండో గుప్పెడు చాటలో వేసేది కాదు జేజి. ముందు దానిది, తర్వాత మనది అనేది. దానిది అంటే ఉడుతది. శ్రీరాముడు నిమిరిన వీపు, మూడు చారలూ ఆయన వేళ్ళ గుర్తులేనని ఆమె నమ్మకం. విత్తనాలకు వలిచేటప్పుడు కూడా ఇదే పద్ధతి. చేలో వేసిన విత్తనాన్ని ఉడుతలు తవ్వుకుతింటాయని నాయనకు లోపల మంట ఉన్నా, ఆమె ముందు నోరు మెదిపేవాడు కాదు. ఊళ్ళో మిగతా ఇళ్ళలో ఉడుత మనిషి అలికిడికే చెట్టెక్కేది. మా ఇంట్లోవి మాత్రం మనం పోతుంటే పక్కకు జరిగి దారిచ్చేవి, అంతే. వాటికి మనిషంటే భయం పోగొట్టింది మా జేజి భక్తే. ఆ భక్తి చివరికి ఎవరికి అక్కరకొచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

మామ అంటే అమ్మకు తమ్ముడు. బళ్ళారిలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మేష్టరు. శనివారం ఒంటిపూట బడి కాగానే మధ్యాహ్నం బస్సుకు మా ఊరు వచ్చి, ఆదివారం సాయంత్రం బస్సుకు వెళ్ళేవాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. తెల్లచొక్కా జేబు కింద ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక. బొమ్మలు గీస్తే జీతమిచ్చే గవుర్నమెంటు ఎంత మంచిదప్పా అని నాయన ఎగతాళి చేసేవాడు, మామ నవ్వి ఊరుకునేవాడు. అప్పటికి నా చదువు ఆగిపోయి ఏడాది దాటింది. ఊళ్ళో బడి అయిదో తరగతితో సరి. ఆ పైన చదవాలంటే బళ్ళారి పోవాలి. మగపిల్లలు పోయేవాళ్ళు. నన్ను మాత్రం ఇంక చాలన్నాడు నాయన. పత్తి ఏరుతూ, పేడ తీస్తూ, తమ్ముళ్ళ ముక్కులు తుడుస్తూ ఇంట్లో ఉండేదాన్ని. వండినావా, తోమినావా, తెచ్చినావా అని అడిగేవాళ్ళు ఇంటినిండా ఉన్నారు. మామ ఒక్కడే బస్సు దిగి చెప్పులు విడుస్తూనే, "ఈ వారం ఏం జూస్తివి పాపా?" అని అడిగేవాడు. ఆడపిల్లను ఏం చూశావని అడిగిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. ఆ ఒక్క ప్రశ్న కోసం వారమంతా కళ్ళు తెరుచుకుని ఉండేదాన్ని.

ఒకరోజు ఆయనే ఈ నోటుబుక్కు, ఒక భూతద్దం తెచ్చి ఇచ్చాడు. ఇంట్లోనే ఉండే రెండు ప్రాణాలను పట్టుకోమన్నాడు. ఒకటి ఎంతసేపు చూసినా పారిపోనిది, ఒకటి చూసేలోపే పారిపోయేది. పాచి, ఉడుత అని నేనే చెప్పాను. రెండింటినీ ఎదురెదురు పేజీల్లో పోల్చుతూ రాయాలి, బొమ్మ గీయాలి. గీసే ముందు పావుగంట చేతులు కట్టుకుని ఊరికే చూడాలి. చేయి తొందరపడితే కన్ను సోమరిదవుతుందని ఆయన సిద్ధాంతం. "ఈ బుక్కు నిండనీ పాపా. మీ నాయన ముందర పెట్టి నేను మాట్లాడతా. నిన్ను బళ్ళారికి నేను తోలుకపోతా," అన్నాడు. ఆ మాటతో ఆ నోటుబుక్కు నాకు బస్సు టిక్కెట్టుతో సమానమయింది. పేజీ పేజీకీ బళ్ళారి దగ్గరకొస్తున్నట్టే ఉండేది.

ఇప్పుడు ఆ రాతలు చదువుకుంటే నాకే నవ్వొస్తోంది, కొంచెం గర్వంగా కూడా ఉంది. పాచికి వేరు లేదు, లాగితే చాపలా వస్తుంది, అయినా గోడను వదలదు. ఉడుతకు నాలుగు కాళ్ళున్నాయి, ఏ చోటునూ పట్టుకుని ఉండదు. పాచి మన స్నానం నీళ్ళు తాగుతుంది, ఉడుత మన శెనక్కాయలు తింటుంది, ఇద్దరూ మన ఇంట్లో అడక్కుండా చేరిన చుట్టాలే. పాచి చప్పుడు చేయదు, ఉడుత నోరు మూయదు. ఎండాకాలంలో బావి అడుగంటి మేము చెంబు నీళ్ళతో సరిపెట్టుకున్నప్పుడు పాచి ఆకులన్నీ లోపలికి చుట్టుకుని మాడిన రొట్టె రంగుకొస్తుంది, చచ్చిందనుకుంటాం. దోసెడు నీళ్ళు చల్లి అరవై అంకెలు లెక్కపెట్టేలోపు ఆకులు విప్పుకుని పచ్చబడుతుంది. అది చూసిన రోజు భయపడి అమ్మను పిలిచానని కూడా రాసి పెట్టాను. పక్కపేజీలో, ఉడుత చచ్చినట్టు నటించదు, దానికి అంత ఓపిక లేదు అని ఉంది. తర్వాత కాలేజీలో ఆ పాచికి హయోఫిలా అని పేరుందనీ, దానికి వానను ఇష్టపడేది అని అర్థమనీ తెలిసింది. మా మూడు చారల ఉడుత జాతి పేరుకు తాడు మీద నడిచేదని అర్థమట. పేర్లు పెట్టినవాళ్ళు కూడా చేతులు కట్టుకుని చూసినవాళ్ళే అయ్యుంటారు.

నేను రాసింది ఒక్క ఉడుత గురించే. దాని తోక ఒకసారి జేజి నీళ్ళపొయ్యి నిప్పులకు కాలి, కాలినచోట తెల్లవెంట్రుకలు మొలిచాయి. అందువల్ల పదింటిలో ఉన్నా గుర్తుపట్టేదాన్ని. గోడ మీద గుప్పెడు నుంచి గడప దగ్గర పలుకులకు, అక్కడినుంచి నా పాదాల దగ్గరికి, ఆఖరికి నా అరచేతిలోకి వచ్చింది. మొదటిసారి దాని ముందరికాళ్ళు నా వేలును పట్టుకున్నప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చిన్న చిన్న గోళ్ళు, చల్లటివి. ఆ శనివారం మామ చెప్పులు విడవకముందే చెప్పేశాను. ఆయన మొహం వెలిగిపోయింది. చేతిలోకే వస్తుందా, ఎంతసేపు ఉంటుంది, పొద్దున ఏ వేళకు దిగుతుంది, ఏ తొర్రలో ఉంటుంది, వేరేవాళ్ళు చేయిచాపినా వస్తుందా అని వరసగా అడిగాడు. నా ఉడుత మీద ఇంకొకరికి అంత ఆసక్తి ఉందని నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అవన్నీ రాసిపెట్టు, చూసినవాళ్ళు రాయకపోతే చూసి ఏం లాభం అన్నాడు. రాశాను. దిగే వేళ, ఎక్కే దారి, మిద్దె దూలం పక్కన తొర్ర, అన్నీ బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టి మరీ రాశాను. పదిహేడో ఆకులో అదే ఉంది. దాని కింద మామ ఎర్రసిరాతో పెట్టిన 'భేష్' కూడా ఉంది.

అదే వారం అది పత్తి మోయడం మొదలుపెట్టింది. వసారాలో పోసిన పత్తిలోంచి నోటినిండా కరుచుకుని దూలం మీద పరుగెత్తేది. కడుపుతో ఉంది, పురిటిల్లు కట్టుకుంటోందని జేజి చెప్పింది. ఆ మాట కూడా మామకు చెప్పాను. అప్పటికి వానలు పడి పాచి కాడలు వేసింది. వెంట్రుక కంటే సన్నగా నిటారుగా లేచిన కాడ, కొసన ఆవగింజలో సగం కాయ. ఎంత గీసినా నా చేతిలో అవి తాళ్ళలాగే వచ్చేవి. బజారులో దొరికే కుంచెలు మేకబొచ్చువి, వాటితో ఈ కాడ రాదు అన్నాడు మామ. మంచి కుంచె నేను తెస్తాలే, నువ్వు గమ్మునుండు అన్నాడు.

ఆ ఆదివారం కప్పగల్లులో మా మేనత్త ఇంట్లో నామకరణం. బండి కట్టుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరాం. మామను కూడా రమ్మన్నాడు నాయన. "పాచి ఇప్పుడే కాయ వేసిండాది బావా. ఈ పొద్దు గీయకపోతే రాలిపోతాది. మీరు పోయి రాండి," అన్నాడు మామ. సరే, ఇంటికి కాపలా కూడా ఉంటాడని తాళంచెవి ఆయనకే ఇచ్చి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. మామ బస్సుకు వెళ్ళిపోయి ఉన్నాడు, తాళంచెవి పక్కింట్లో ఉంది. మరుసటిరోజు ఉడుత దిగలేదు. ఆ మరుసటిరోజు కూడా రాలేదు. తొర్రలోంచి పత్తి పింజె ఒకటి వేలాడుతూ గాలికి ఊగుతోంది. మిగతా ఉడుతలు గోడ మీదికి వచ్చి తిని పోతున్నాయి, తెల్లతోకది లేదు. అరచేతిలో పలుకులు పెట్టుకుని చేయి నొప్పెట్టేదాకా కూర్చునేదాన్ని.

శనివారం మామ వచ్చాడు. జేజి ఆయనకు రొట్టె వడ్డిస్తూ ఉడుత సంగతి చెప్పి, నేను సరిగా తినడం లేదని వాపోయింది. మామ నోట్లో ముద్ద నములుతూనే, "పిల్లి ఎత్తకపోయింటాది అత్తా, ఇంకేం అయితాది," అన్నాడు. తడబడలేదు, తల కూడా దించుకోలేదు. జేజి అంతటి మనిషి ఆ మాట పట్టుకుని, ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో ఎలుకలు పట్టిన ముసలి పిల్లిని గోనెసంచిలో వేయించి, బండిలో పంపి ఊరి పొలిమేర అవతల వదిలించింది. రాముడు నిమిరిన ప్రాణిని తిన్నదానికి నా ఇంట్లో పాలు పోయనంది. నేను కూడా ఆ పిల్లిని కసితీరా తిట్టాను. సంచిలో అది అరుస్తుంటే బాగా అయిందనుకున్నాను.

ఆ పై వారం మామ కుంచె తెచ్చాడు. పక్షి ఈక గొట్టంలో వెంట్రుకలు బిగించి వెదురుపుల్లకు తొడిగినది. నీటిలో ముంచి విదిలిస్తే ఒక్క వెంట్రుకలా కొసదేలింది. కొస మాత్రం తెల్లగా ఉంది. మొదటిసారే పాచికాడ కాగితం మీద నిజంగా లేచి నిలబడింది. పూటంతా కూర్చుని పాతిక కాడలు గీశాను. కాయ మీద టోపీలాంటి పొర కూడా వచ్చింది. ఉడుత పోయిన దిగులు ఆ పూట నాకు గుర్తులేదని ఇక్కడ ఒప్పుకోవాలి. మామ ఆ బొమ్మను నాయన ముందు పెట్టాడు. నాయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, భూతద్దంతో చూసి, జాలాడి దగ్గరికి పోయి గోడను చూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "ఇది నువ్వే గీస్తివా?" అని అడిగాడు. నేనే నాయనా అన్నాను. బడులు తెరిచే వేళకు నాకు రెండు కొత్త లంగాలు కుట్టించారు.

బళ్ళారిలో మామ ఇల్లు చిన్నది, ఒక గది, ఒక వసారా. అత్త కన్నడం వాళ్ళ పిల్ల, మనసులో ఏదీ దాచుకోని మనిషి. నేను వెళ్ళిన నాలుగో రోజో అయిదో రోజో, వసారాలో కూర్చుని కుంచె కడుక్కుంటుంటే కూరగాయలు తరుగుతూ నాతో మాటలు పెట్టుకుంది. "ఆ కుంచె యాడిదనుకుంటివి పాపా? మీ ఇంట్లో చేతికొచ్చే అళిలు ఉండె గదా, ఉడత, దాని తోకదే. నీ కోసరమే చేసినాడు మీ మామ. గంప కింద రెండు శెనక్కాయలు పెడితే సీదా వచ్చి కూచున్యాదంట. ఇంత సులభంగా ఎప్పుడూ దొరకలేదు అంటా నవ్వినాడు," అంది. నన్ను సంతోషపెట్టడానికే చెప్పింది, పాపం. తర్వాత దాన్ని ఏం చేశారని అడిగాను. తోక కోసుకుని వదిలేశాడట. తాడు మీద నడిచేదానికి తోక లేకపోతే ఎన్ని రోజులు నడుస్తుందో అత్తకు తెలియదు, నాకు కూడా అప్పటికి తెలియదు. కుంచె కొసన ఉన్న తెలుపు మాత్రం అప్పుడు తెలిసింది. అది రంగు కాదు, నీళ్ళపొయ్యి దగ్గర కాలిన చోటు. పాతిక కాడలు దానితోనే గీశాను.

నమ్మించి గొంతు కోయడం అంటారు. నాకు జరిగింది అంతకంటే ఒక మెట్టు ఎక్కువ. ఉడుత నమ్మింది మామను కాదు, నన్ను. అది గంప కిందికి వెళ్ళింది నా చేతి అలవాటు వల్ల. అది దిగే వేళ, దాని దారి, దాని తొర్ర, అన్నీ నేనే రాసిచ్చి 'భేష్' అనిపించుకున్నాను. మామ దాన్ని పట్టుకోవడం ఒకటైతే, నా చేత పట్టించడం ఇంకొకటి. అంతకంటే నాకు మింగుడుపడనిది ఏమిటంటే, ఈ వారం ఏం జూస్తివి పాపా అన్న ఆ ప్రశ్న. అది నా కోసం అడిగిందా, కుంచె కోసం అడిగిందా? మొదట్లో నా కోసమే అయ్యుంటుందనుకుంటాను. ఎప్పటినుంచి మారిందో తెలియక, మొత్తం ఆ శనివారాలన్నింటినీ పోగొట్టుకున్నాను.

ఏం చేశావని మీరడుగుతారు. ఏమీ చేయలేదు. లేచి రూపనగుడి బస్సెక్కి ఉంటే నా చదువు అక్కడితో సరి, అది నాకు బాగా తెలుసు. పన్నెండేళ్ళ పిల్లకు కూడా తన లాభం తనకు తెలుస్తుంది. ఆయన ఇంట్లో ఆరేళ్ళు తిన్నాను. ఆ కుంచెతోనే, దాని వెంట్రుకలు ఊడేదాకా, పరీక్షల బొమ్మలన్నీ గీశాను. మంచి మార్కులు వచ్చాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా జేజి తొర్ర వైపు చూసి ఉడుత తలపు తెచ్చేది. నిజం చెబితే తమ్ముడి మీద నిందని అమ్మ, పిల్లిని అన్యాయంగా పంపానని జేజి, ఇద్దరూ కుమిలిపోతారని నోరు మూసుకున్నాను. అట్లా అని నాకు నేను చెప్పుకున్నాను. బళ్ళారి పోతుందన్న భయం కూడా అందులో ఉంది. జేజి అదే నమ్మకంతో పోయింది.

మామకు నేను వేసిన శిక్ష ఒక్కటే. సాయంత్రం బడినుంచి రాగానే ఆయన అలవాటుగా అడిగేవాడు, ఏం చూశావని. "ఏమీ చూళ్ళేదు మామా," అనేదాన్ని. కోట గుట్ట మీద మబ్బు దిగినా, మురిక్కాలవ పక్కన కొత్తరకం పాచి కనపడినా, ఏమీ చూడలేదు. పాచి బొమ్మలు మాత్రం ఆయన దిద్దేవాడు కాబట్టి ఎడమ పేజీలు నింపేదాన్ని, కుడి పేజీ ఖాళీగా వదిలేదాన్ని. పక్కపేజీ కళ్ళ ముందే తెల్లగా ఉన్నా, ఉడుత ఏమైందని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. బుక్కు నిండాక ఆయనే తీసి దాచుకున్నాడు. ఆ ఖాళీ పేజీల సంగతి సుశీల ఒక్క నిమిషంలో అడిగింది. పైగా, పల్లెలో ఉన్నప్పుడే మేలు, పట్నమొచ్చి పిల్ల మొద్దుబారిందని అమ్మకు చెప్పాడు. అమ్మ నన్ను తిట్టింది. కొన్నాళ్ళకు ఆయన అడగడం మానేశాడు. గెలిచాననుకున్నాను.

ఆ రోజులే వేరు, మనుషులే వేరు అని నా ఈడువాళ్ళు నిట్టూరుస్తుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ రోజుల్లో ఉడుతకు మొదటి గుప్పెడు పెట్టే చేయి ఉంది, నిజమే. ఆ మచ్చికను వాడుకునే చేయి కూడా ఆ ఇంట్లోనే రొట్టె తింటూ ఉంది. ఇప్పుడు నా పెరటి గోడ మీద పక్కింటి ఏసీ నీళ్ళు కారి పాచి పట్టింది. గని దుమ్ముకు ఎర్రగా ఉంటుంది, కడిగితే లోపల అదే పచ్చ. దాన్ని గీకినా వస్తుంది, ఎండబెట్టినా వస్తుంది. ముప్పయ్యేళ్ళు సైన్సు టీచరుగా పిల్లలకు పాఠం చెప్పాను. ప్రాణుల్లో తేడాలు రాయమంటే వాళ్ళు కదిలేది, కదలనిది అని మొదలుపెడతారు. నాకు తెలిసిన తేడా వేరే. పాచిని మనం ఎంత మోసం చేసినా దానికి మన మీద నమ్మకం లేదు కాబట్టి పోయేది ఏమీ లేదు. ఉడుత అట్లా కాదు. ఇప్పటి పిల్లల కుంచెలు నైలానువి, వాటిలో ఎవరి తోకా లేదు. ఉడుతలు నా ఇంటికి కూడా వస్తాయి. పలుకులు గోడ మీద పోసి, లోపలికొచ్చి తలుపు వేసుకుంటాను. ఒక్కదాన్ని కూడా దగ్గరికి రానివ్వను.

రెండేళ్ళ కిందట మామను చూడ్డానికి బళ్ళారి వెళ్ళాను. తొంభై ఏళ్ళు, చూపు ఆనడం లేదు, మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. నా గొంతు విని చేయి చాపి నా వేళ్ళు తడిమాడు. ఈసారి అడగకుండా రాకూడదని ఇంట్లోనే గట్టిగా అనుకుని వెళ్ళాను. తప్పయిందంటాడో, కుంచె నీ కోసమే కదా అంటాడో, ఏదంటే ఏమనాలో బస్సులో మాటలు కూడా కూడబలుక్కున్నాను. అత్త పోయి చాలా కాలమయింది. సుశీల వంటింట్లో ఉంది. ఆయన చెవి దగ్గరికి వంగాను.

"మామా, నా ఉడతను ఎందుకు పడితివి?"

ఆయన మొహంలో దొంగతనం లేదు, కంగారు లేదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాడు.

"ఏ ఉడత పాపా?" అన్నాడు. "శానా ఊర్లల్లో పడితిమి గదా. పిల్లోల్లను అడిగితే అంతా చెప్తాండ్రి, ఏది చేతికొస్తాది, ఏది రాదు అని. నీది యా ఊరిది?"

రూపనగుడిది మామా అన్నాను. రూపనగుడి, రూపనగుడి అని రెండుసార్లు అనుకుని, గుర్తులేదమ్మా అన్నాడు. సుశీల కాఫీ తెచ్చింది. చల్లార్చి ఆయనకు తాగించాను, మూతి తుడిచాను, పోయొస్తా మామా అని చెప్పి లేచాను. అరవై ఏళ్ళు నోరు కట్టుకుని నేను ఆయనకు శిక్ష వేస్తున్నాననుకున్నాను. తప్పు చేసినట్టే ఆయనకు తెలియదు. నాకు ముందూ నా తర్వాతా ఎన్ని ఊళ్ళలో ఎంతమంది పిల్లలు వారమంతా ఆయన బస్సు కోసం చూశారో, వాళ్ళలో నేనొకదాన్ని. బస్టాండులో మా ఊరి వైపు పోయే సండూరు బస్సు కోసం సిమెంటు బెంచీ మీద కూర్చుని, అంత వయసు మనిషిని, నలుగురూ చూస్తుండగానే ఏడ్చాను.